రెండు నిమిషాల్లో వచ్చేస్తాగా!



మన కార్యక్రమానికి వచ్చే ఉత్తరాల్లో వంటల గురించి, జుట్టు రాలడం గురించి అడిగేవే ఎక్కువ. కిందటి నెల తెనాలి నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం మాత్రం వేరే రకం. ఆమెకి నాలుగేళ్ల పాప, ఎనిమిది నెలల బాబు. కొత్తగా కారు కొనుక్కున్నారు, తనే నడుపుతుందట. "అక్కా, పాల ప్యాకెట్లకో మందులకో దిగాల్సి వచ్చినప్పుడు ఇద్దర్నీ కారులోనే ఉంచి, ఏసీ వేసి, ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంటాను. నిద్రపోతున్న బాబుని లేపి భుజాన వేసుకుని, ఇంకో చేత్తో పాపని పట్టుకుని ఆ లారీల మధ్య రోడ్డు దాటడం కంటే అదే క్షేమం అనిపిస్తుంది. మా అత్తగారు తప్పంటారు. మావారు ఏం ఫరవాలేదంటారు. మీరేమంటారు?" అని అడిగింది.

అత్తాకోడళ్ల మధ్య తీర్పు చెప్పడానికి నేను సాధారణంగా ముందుకు రాను. ఎవరి పక్షం మాట్లాడినా రెండో ఇంట్లో రేడియో కట్టేస్తారు. ఈసారి మాత్రం అత్తగారి పక్షమే మాట్లాడబోతున్నాను. అలాగని ఆ చెల్లెల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో ముందు చెప్పేస్తాను, తరవాత మిగతా సంగతులు.

2013 మే నెల. మా అబ్బాయికి మూడేళ్లు. విజయవాడ ఎండలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మా అత్తగారి బి.పి. మాత్రలు అయిపోయాయని, వస్తూ వస్తూ దారిలో ఒక మందుల షాపు దగ్గర కారు ఆపాం. బాబు వెనక సీట్లో నిద్రపోతున్నాడు. ముందు రాత్రంతా కరెంటు లేక, ఆ చెమటకి ఏడ్చి ఏడ్చి అప్పుడే కునుకు తీశాడు. లేపబుద్ధి కాలేదు. "నువ్వెళ్లి మాత్రలు తీసుకురా, నేనుంటా" అన్నారు మావారు. నేను దిగాను. నేను అటు వెళ్లగానే ఆయనకి ఎదురుగా ఏటీఎం కనిపించింది. ఎలాగూ అది రెండు నిమిషాల్లో వచ్చేస్తుందిగా అనుకుని, పక్క అద్దం వేలెడు కిందకి దించి, ఆయనా దిగారు. నేనేమో ఆయనున్నారు కదా అని తీరుబడిగా ఉన్నాను. ఆయనేమో నేను వచ్చేసి ఉంటానని తీరుబడిగా ఉన్నారు.

మందుల షాపులో నా ముందు ఇద్దరే ఉన్నారు. అందులో ఒకాయన తెచ్చుకున్న చీటీ కుర్రాడికి అర్థం కాక, డాక్టరుగారికి ఫోను చేయించాడు. నా వంతు వచ్చేసరికి ఆ కంపెనీ మాత్రలు లేవు, పక్క షాపు నుంచి తెప్పిస్తానమ్మా కూర్చోండి అన్నాడు. కూర్చున్నాను. చల్లగా ఫ్యాను కింద కూర్చున్నాను! అటు ఏటీఎం దగ్గర కాగితం అయిపోయిందో ఏమిటో, అక్కడా క్యూ.

"ఎవరమ్మా ఈ కారు తాలూకు!" అని కేక వినపడింది. సోడా బండి అతను కారు అద్దాన్ని రెండు చేతులా బాదుతున్నాడు. పరుగెత్తాను. తాళం మావారి దగ్గరుంది. అద్దం లోంచి చూస్తే మా వాడు లేచి నిలబడి ఏడుస్తున్నాడు, ఏడుపు బయటికి వినపడటం లేదు. మొహం ఎర్రగా కందిపోయింది, జుట్టు తలంటు పోసినట్టు తడిసిపోయింది. మావారు రోడ్డు అవతల నుంచి పరుగున వచ్చి తలుపు తీసేలోపు నా ప్రాణాలు నాలో లేవు. వాణ్ణి ఎత్తుకుంటే ఒళ్లు కాలిపోతోంది. సోడా బండి అతను ఐసు పెట్టెలో నీళ్లు తువ్వాలుతో తడిపి వాడి తల మీద, మెడ మీద అద్దాడు. అద్దుతూనే నన్ను నాలుగూ దులిపేశాడు. "చదువుకున్నవాళ్లేనా మీరు? పసిబిడ్డని డబ్బాలో పెట్టి పోతారా?" అని. నిజం చెప్పొద్దూ, నాకు ఆ క్షణంలో వాడు బతికి బయటపడ్డాడన్న సంతోషం కంటే, నడిరోడ్డు మీద తిట్టించుకున్నానన్న పౌరుషమే ముందు వచ్చింది. దణ్ణం పెట్టాల్సిన మనిషికి మాట కూడా చెప్పకుండా కారెక్కేశాను.

తరవాత లెక్క వేసుకుంటే మొత్తం పద్నాలుగు నిమిషాలు. బాబుకి సాయంత్రానికి తగ్గింది. మా అత్తగారికి మాత్రం ఏడాది దాకా చెప్పలేదు.

ఇప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడు. కిందటేడు మార్చిలో, నేను ఈ కథ చెబితే, "అమ్మా, కొలిచి చూద్దాం" అన్నాడు. గోడకి తగిలించే థర్మామీటరు తీసుకెళ్లి కారులో సీటు మీద, ఎండ నేరుగా పడకుండా అట్టముక్క అడ్డం పెట్టి ఉంచాం. ఉదయం పదిన్నర. బయట 33 డిగ్రీలు. తలుపులు వేసేటప్పుడు లోపలా అంతే. పది నిమిషాలకి 43. ఇరవై నిమిషాలకి 49. మా థర్మామీటరు మీద గీతలు 50 దాకానే ఉన్నాయి, పగిలిపోతుందని బయటికి తీసేశాం. చూశారా, అది మార్చి నెల. మనం ఇంకా "ఎండలు మొదలవలేదులే" అనుకునే నెల.

మేం ఇంట్లో చేసిన ముచ్చట అలా ఉంచండి. 2005లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు పదహారు రోజులపాటు, బయట 22 డిగ్రీల నుంచి 36 డిగ్రీల దాకా ఉన్న రోజుల్లో, కారు లోపలి వేడిని పద్ధతిగా కొలిచి పిల్లల వైద్యుల పత్రికలో ప్రకటించారు. గంటలో లోపలి వేడి సగటున 22 డిగ్రీలు పెరిగింది. ఆ పెరుగుదలలో ఎనభై పాళ్లు మొదటి అరగంటలోనే. బయట 22 డిగ్రీలున్న రోజున, అంటే మనం శాలువా కప్పుకునే చలిలో కూడా, గంట తిరిగేసరికి లోపల 47 డిగ్రీలకి చేరింది. బయట 36 దాటిన రోజుల్లో వాళ్లు కొలవలేదు. మన మే నెల సంగతి మీరే ఊహించుకోండి.

అద్దం ఓరగా దించితే? వాళ్లు అదీ చూశారు. ఒకటిన్నర అంగుళం దించి కొలిచినా తేడా లేదంటే లేదు. ఇక్కడే మనందరం పొరపడే సంగతి ఒకటి ఉంది. ఇలాంటి ఘోరం జరిగినప్పుడల్లా పేపర్లలో "కారులో ఊపిరాడక" అని రాస్తారు. అది చదివి, గాలి ఆడితే చాలు కదా అని అద్దం వేలెడు దించి వెళ్తాం. మావారు చేసిందీ అదే. కానీ కారు మరీ అంత బిగుతుగా మూసుకునేది కాదు, సందుల్లోంచి గాలి వస్తూ పోతూనే ఉంటుంది. పిల్లల ప్రాణం తీసేది గాలి లేకపోవడం కాదు, వేడి. ఎండ అద్దంలోంచి లోపలికి వచ్చి సీట్లని, స్టీరింగుని, ముందున్న నల్లటి బల్లని కాలుస్తుంది. అవి కాలి, లోపలి గాలిని కాలుస్తాయి. వచ్చిన వెలుగు వచ్చినంత తేలిగ్గా ఆ వేడి అద్దం దాటి బయటికి పోలేదు. పొయ్యి మీద ఉడుకుతున్న ఇడ్లీ పాత్ర మూత కాస్త ఓరగా జరిపితే లోపల ఇడ్లీలు చల్లారతాయా? అంతే ఇదీను.

చెట్టు నీడన ఆపాం కదా అంటారు. నీడ మేలే, కాదనను. 2018లో అరిజోనా రాష్ట్రంలో పరిశోధకులు ఎండకాలంలో కార్లని ఎండలోనూ నీడలోనూ నిలబెట్టి చూశారు. ఎండలో గంటకి లోపలి గాలి సుమారు 47 డిగ్రీలు, డాష్‌బోర్డు 69 డిగ్రీలు. నీడలో గంటకి 38. అయితే రెండేళ్ల బిడ్డకి ఎండలో సుమారు గంటలో వచ్చే ముప్పు నీడలో రెండు గంటలకి వస్తుందని వాళ్లు లెక్కగట్టారు. నీడ ముప్పుని వాయిదా వేసింది, అంతే. పైగా నీడ ఒకచోట ఉండదు. మనం కారు ఆపినప్పుడు ఉన్న వేపచెట్టు నీడ, చీరల షాపులోంచి వచ్చేసరికి పక్క స్కూటరు మీద ఉంటుంది.

పెద్దవాళ్లం అదే కారులో కూర్చుంటే మనకెందుకు కాదు అంటే, మనకీ అవుతుంది, కాస్త ఆలస్యంగా. పిల్లల ఒళ్లు మనకంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుందని అమెరికా రోడ్డు భద్రతా శాఖవారు చెబుతారు. చిన్న గిన్నెలో నీళ్లు పెద్ద గిన్నెకంటే ముందు కాగినట్టు. చెమట పట్టి ఒళ్లు చల్లబరుచుకునే శక్తి వాళ్లకి తక్కువ. ఒంటి వేడి 40 డిగ్రీలు, మన పాత లెక్కలో 104, దాటితే వడదెబ్బ. మనమైతే తలుపు తీసుకుని దిగుతాం. ఎనిమిది నెలల బాబు ఏం చేస్తాడు? ఏడుస్తాడు. ఆ ఏడుపు అద్దం దాటి రాదు. నేను చూశాను కనుక చెబుతున్నాను.

సరే, తెనాలి చెల్లెలు ఏసీ వేసి వెళ్తున్నానంది కదా. వేడి బాధ లేదు కదా అంటుంది. ఏసీ నడవాలంటే ఇంజను నడవాలి. ఇంజను నడుస్తున్న కారులో నాలుగేళ్ల పాప ఉంది. నాలుగేళ్ల పాప అంటే ఏమిటో తల్లులకి నేను చెప్పాలా? అమ్మ సీట్లోకి ఎక్కి, స్టీరింగు పట్టుకుని "భుర్రు" మనకుండా ఉంటుందా? హ్యాండ్‌బ్రేకు లాగి చూస్తుంది. గేరు కదుపుతుంది. కాస్త వాలుగా ఉన్న చోటైతే కారు దానంతటదే కదులుతుంది. అద్దం మీట మీద మోకాలు పెట్టి, తల బయటికి పెట్టి చూస్తుంది. ఆ అద్దం పైకి లేచిందంటే మెడ దగ్గర నొక్కుకుంటుంది. లేదా ఏసీ మీట తిప్పేస్తుంది. ఏదో కారణాన ఇంజను ఆగిందా, ఏసీ ఆగినట్టే. బయట నిలబడ్డ మనకి అది తెలియదు. ఇంకో మాట, తాళం పెట్టి ఇంజను నడుస్తున్న కారుని దొంగ చూశాడంటే, వెనక సీట్లో పిల్లలున్నారా లేరా అని తొంగి చూసి మరీ ఎత్తుకుపోడు కదా.

చట్టం కూడా ఒప్పుకోదు. 1988 నాటి మన మోటారు వాహనాల చట్టంలో 126వ సెక్షను చదివించుకుని విన్నాను. రోడ్డు మీద బండి ఆపితే, లైసెన్సున్న మనిషి డ్రైవరు సీట్లో అయినా ఉండాలి, లేదా ఇంజను ఆపి, బ్రేకు వేసి, బండి దానంతటది కదలకుండా చూసైనా వెళ్లాలి. అంటే ఇంజను నడుస్తుండగా పిల్లల్ని వదిలి వెళ్లడం కుదరదు, ఇంజను ఆపితే ఏసీ ఉండదు. ఇక తెలిసి తెలిసి బిడ్డని నిర్లక్ష్యంగా ప్రమాదంలో వదిలేస్తే, 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షను కింద మూడేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా పడవచ్చు.

మన ఆడపడుచులు చాలామంది పురుళ్లకని, మనవల్ని చూసుకోవడానికని అమెరికా వెళ్తున్నారు. అక్కడ ఈ విషయంలో విడిగా చట్టాలే ఉన్నాయి, తెలుసుకుని వెళ్లడం మంచిది. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాసులో ఏడేళ్ల లోపు బిడ్డని, పద్నాలుగేళ్లు నిండిన తోడు లేకుండా కారులో ఐదు నిమిషాలకి మించి వదిలితే నేరం. కాలిఫోర్నియాలో ఆరేళ్లు, అంతకంటే చిన్న పిల్లల్ని, ఇంజను నడుస్తుండగా గానీ, ప్రమాదం ఉన్న స్థితిలో గానీ, పన్నెండేళ్లు దాటిన తోడు లేకుండా వదలకూడదు. నాలుగేళ్ల అక్కని తోడుగా పెట్టడం వాళ్ల లెక్కలోనూ తోడు కాదు.

ఆ దేశంలో 1998 నుంచి ఇప్పటికి వెయ్యిమందికి పైగా పిల్లలు ఇలా వేడికి పోయారు. అందులో సగం మంది తల్లో తండ్రో మరిచిపోయినవాళ్లు. బిడ్డని ఎలా మరిచిపోతారమ్మా అని నేనూ బుగ్గలు నొక్కుకున్నాను. రోజూ వెళ్లే దారిలో మనిషి మనసు గానుగెద్దులా దానంతటది నడుస్తుందట. రోజూ భర్త దింపే బిడ్డని ఒకరోజు భార్య దింపాల్సి వస్తే, బిడ్డ నిద్రపోతూ చప్పుడు చేయకపోతే, కాళ్లు తిన్నగా ఆఫీసుకే వెళ్లిపోతాయి. అలా మరిచినవాళ్లలో చదువుకున్నవాళ్లు, పిల్లలంటే ప్రాణం పెట్టేవాళ్లు ఎందరో. అందుకని ఉద్యోగాలు చేసే చెల్లెళ్లకి ఒక మాట. బిడ్డని వెనక కూర్చోబెట్టిన రోజు మీ హ్యాండుబ్యాగు గానీ, ఎడమకాలి చెప్పు గానీ బిడ్డ పక్కన పెట్టండి. నవ్వకండి, చెప్పు లేకుండా ఎవరూ ఆఫీసులోకి వెళ్లరు.

స్కూలు వ్యానుల్లోనూ ఇదే ముప్పు ఉంది. 2022 సెప్టెంబరులో దోహాలో, కేరళ నుంచి వెళ్లిన కుటుంబంలోని నాలుగేళ్ల పాప బడి బస్సులో నిద్రపోయింది. అందరూ దిగారనుకుని తలుపులు మూసేశారు. ఆ రోజు ఆ పాప పుట్టినరోజు. మీ పిల్లల వ్యాను అతన్ని రేపు పొద్దున్నే అడగండి, దింపేశాక చివరి సీటు దాకా నడిచి చూస్తున్నావా నాయనా అని. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

మన పల్లెల సంగతి వేరు. అక్కడ ఎవరూ పిల్లల్ని కారులో వదలరు, పిల్లలే కారులోకి వెళ్తారు. 2025 ఏప్రిల్‌లో చేవెళ్ల దగ్గర ఒక ఊళ్లో ఇద్దరు చిన్నారి పాపలు, ఆ మరుసటి నెలలోనే విజయనగరం దగ్గర ఒక ఊళ్లో నలుగురు పిల్లలు, ఆడుకుంటూ ఆడుకుంటూ ఆగి ఉన్న కారు ఎక్కారు. తలుపులు పడ్డాయి, తీసుకోవడం తెలియలేదు. పెద్దలు ఊరంతా వెతికారు గానీ కళ్ల ముందున్న కారులో చూడాలని తట్టలేదు. ఇదివరకు ఊరికి కారు రావడం అంటే ఏ డాక్టరుగారో, పెళ్లివారో. ఇప్పుడు వీధికి రెండున్నాయి, మన పిల్లలకి అదొక ఆటబొమ్మ ఇల్లు. అందుచేత ఇంటి ముందున్నా సరే కారుకి తాళం వేయండి, డిక్కీతో సహా. తాళంచెవి పిల్లలకందని మేకుకి తగిలించండి. పిల్ల కనపడకపోతే ముందు నూతిలో చూస్తాం, అలాగే ఇక నుంచి కారులోనూ డిక్కీలోనూ చూడాలి. వెనక తలుపులకి పిల్లల లాకు వేసి ఉంటే లోపలి నుంచి తెరుచుకోదు. అందుకని కాస్త ఊహ తెలిసిన పిల్లలకి, ముందు సీట్లోకి దూకి ఆ తలుపు తీయడం, రాకపోతే హారను నొక్కి పట్టుకోవడం నేర్పండి. చాలా కార్లలో తాళం లేకపోయినా హారను మోగుతుంది. మీ కారులో మోగుతుందో లేదో ఒకసారి చూసుకోండి.

ఇక ఆ చెల్లెలు రాసిన దాంట్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మాట ఒకటుంది. లారీల మధ్య రోడ్డు దాటడం కంటే అదే క్షేమం అంది. ఆ మాట నేను కొట్టిపారేయను. చంకలో ఒకరు, చేతిలో ఒకరుతో మన రోడ్లు దాటడం ఎంత గండమో తెలియనివాళ్లే తేలిగ్గా తీర్పు చెబుతారు. కారులో పిల్లని వదిలిన తల్లిని చూస్తే నలుగురూ మొదట అనే మాట "రాక్షసి" అని. కాలిఫోర్నియాలో ముగ్గురు పరిశోధకులు 2016లో ఒక తమాషా చూపించారు. పిల్లవాడు కాసేపు ఒంటరిగా ఉండిపోయాడని ఒకే కథని రకరకాలుగా చెప్పి, ప్రమాదం ఎంత అని జనాన్ని అడిగారు. తల్లి అనుకోకుండా చిక్కుపడి రాలేకపోయిందంటే ప్రమాదం తక్కువన్నారు. తల్లి ప్రియుణ్ణి కలవడానికి వెళ్లిందంటే ప్రమాదం ఎక్కువన్నారు. పిల్లవాడు అదే పిల్లవాడు! జనం ప్రమాదాన్ని కొలవలేదు, తల్లి నడవడిని కొలిచారు.

ఈ సంగతి చదివించుకుని విన్నాక నాకు ఇంకోటి తోచింది. లోకులు తల్లి చెడ్డదైతే ప్రమాదం పెంచుతారు సరే. మనమేమో మనం మంచివాళ్లం గదా అని ప్రమాదం తగ్గించుకుంటాం. నేను సినిమాకి వెళ్లానా? అత్తగారి మాత్రలకి వెళ్లాను. బాబు నిద్ర చెడకూడదని, ప్రేమకొద్దీ లేపలేదు. అంత మంచి పని మీద వెళ్తే ఏమవుతుంది అన్న ధీమా నాలో ఎక్కడో ఉంది, ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తోంది. అద్దానికి ఇవేవీ తెలియవు. మాత్రలకి వెళ్లినా, పేకాటకి వెళ్లినా పది నిమిషాలకి పది డిగ్రీలే.

రెండు నిమిషాలు అనుకుంటామే, ఆ రెండు నిమిషాలు మన చేతిలో ఉంటాయా? షాపువాడి చేతిలో, మన ముందున్న మనిషి చేతిలో, కరెంటు చేతిలో ఉంటాయి. మనం కాలు జారి పడితే? స్పృహ తప్పితే? ఫలానా కారులో బిడ్డ ఉన్నాడని చెప్పేవాళ్లే ఉండరు.

అయితే పెట్రోలు బంకులో దిగి, కారు పక్కనే నిలబడి డబ్బులివ్వడం కూడా తప్పేనా అని అడుగుతారు. కాదు. చెయ్యి చాస్తే తలుపు అందాలి, తాళం చేతిలో ఉండాలి, పిల్ల మొహం కనపడుతుండాలి. అది వదిలి వెళ్లడం కాదు. కౌంటరు వెనక్కి, మెట్ల పైకి, మలుపు తిరిగి వెళితే మాత్రం వదిలి వెళ్లినట్టే. నా మట్టుకు నేను పెట్టుకున్న హద్దు ఇది.

మా ఇంట్లో ఆ రోజు తరవాత ఒక అలవాటు పడింది. కారులోంచి దిగేవాళ్లు "బాబు నీ దగ్గర" అని పైకి అనాలి, ఉండేవాళ్లు "నా దగ్గర" అని పైకి అనాలి. మావారికి మొదట్లో ఇదంతా నాటకాల్లో డైలాగులా ఉందని నవ్వొచ్చేది. వాడికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా అంటూనే ఉన్నాం.

మూసిన కారులో ఎవరి బిడ్డయినా కనిపిస్తే, వాళ్లెవరో ఏమనుకుంటారో అని చూడకండి. గట్టిగా పిలవండి, పక్క షాపుల్లో కేకేయించండి, 112కి గానీ 108కి గానీ ఫోను చేయించండి. బిడ్డ వాలిపోయి ఉంటే ఇక ఆగకూడదు. ముందు అద్దం పగలదు, దాని జోలికి పోవద్దు. బిడ్డకి దూరంగా ఉన్న పక్క అద్దాన్ని, నడిమధ్యన కాకుండా మూలన, రాయితోనో ఇనుప ముక్కతోనో కొట్టాలి. బయటికి తీశాక నీడకి చేర్చి, బట్టలు విప్పి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడుపుతూ విసరాలి. తెలివిలో లేని బిడ్డ నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తడుపుతూనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, "లేచి కూర్చుందిలే" అని ఇంటికి తీసుకుపోకూడదు. నేను అలాగే తీసుకుపోయాను, అదీ తప్పేనని తరవాత డాక్టరమ్మగారు కేకలేశారు.

తెనాలి చెల్లెలికి నా సలహా. పాల బూతు ముందు కారు ఆపి, దిగకుండా, అద్దం దించి ఒక హారను కొట్టమ్మా. మన ఊళ్లలో ఇంకా ఆ మర్యాద ఉంది, చంటిబిడ్డ ఉందయ్యా అంటే కారు దగ్గరికే తెచ్చి ఇస్తారు. టిఫిను హోటలు వాళ్లకి ఇస్తారు కదా, పాలకి ఎందుకివ్వరు? మందుల షాపు వాళ్లకి ముందే ఫోను చేసి మాత్రల పేరు చెబితే, కట్టి ఉంచి కుర్రాడితో పంపిస్తారు. అదీ కుదరకపోతే ఆ పని అత్తగారికి చెప్పు. ఆవిడకి నీ మాట మీద కోపమేగాని మనవల మీద కాదు, పిల్లల్ని ఇంట్లో ఆవిడ దగ్గర వదిలి నువ్వొక్కదానివే వెళ్లు. ఆ బూతు అబ్బాయి కారు దాకా తెచ్చిస్తున్నాడో లేదో మాత్రం నాకు ఒక కార్డు ముక్క రాయి.